గట్టు బొరియలో సాలీడు: చంపితే ఎవరికి లాభం?

తొలకరి వానలు పడగానే కొండవార పల్లెల్లో ఒక్కోసారి ఒక వింత పురుగు జనం కంట పడుతుంది. కాళ్లు చాపితే అరచేయంత ఉంటుంది. ఒళ్లంతా నూగు. ఎనిమిది లావుపాటి కాళ్లు. చూసినవారు కేక వేస్తారు. పదిమంది పోగవుతారు. ఒకరు చెప్పు తీస్తే మరొకరు చీపురు తెస్తారు. ఆ పురుగు అక్కడికక్కడే చస్తుంది. కథ అంతటితో ముగియదు. దగ్గరున్న గట్టు వెతికి, కనిపించిన బొరియలన్నిటిలో మరిగే నీళ్లు పోసేవారు కొందరు, మంట పెట్టేవారు కొందరు. చచ్చినదాని ఫొటో సెల్‌ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. "ఇది కుడితే మనిషి బతకడు" అన్న మాట కూడా దాని వెంటే తిరుగుతుంది.

ఈ మాటలో నిజమెంత? చంపినందువల్ల ఊరికి ఒరిగిందేమిటి? పల్లె ప్రజలు ఒకసారి నిదానంగా ఆలోచించవలసిన విషయమిది. ఎందుకంటే సాలీడును గురించిన తప్పుడు భయం సాలీడు ప్రాణంతో పోవడం లేదు. ఒక్కోసారి మనిషి ప్రాణం మీదికి కూడా వస్తున్నది.

గుత్తి పేరు దేశదేశాల్లో

ఈ పెద్ద సాలీళ్ల కుటుంబానికి టరాంటులాలని పేరు. అనంతపురం జిల్లా వాసులకు తెలియని సంగతేమంటే, ఈ కుటుంబంలో ఒకదానికి గుత్తి పేరే ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక నీలిరంగు సాలీడును వర్ణించి పేరు పెట్టాడు. అప్పటినుంచి అది గుత్తి సాలీడు అయింది. తర్వాత సుమారు నూరేళ్లపాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తికి అది రైల్లో వచ్చిన కలపతో పాటు చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కోట చూడడానికి గుత్తి వచ్చేవారి కంటే ఈ సాలీడు వల్ల గుత్తి పేరు విన్న విదేశీయులే ఎక్కువని చెప్పినా అతిశయోక్తి కాదు.

గుత్తి సాలీడు చెట్టు తొర్రలో ఉంటుంది. నేలలో బొరియ తవ్వుకుని బతికేవి దాని దాయాదులు. అదే పోకాక్, అదే 1899లో, అలాంటి బొరియ సాలీడు ఒకదానికి కూడా పేరు పెట్టాడు. దాని శాస్త్రీయ నామం కైలోబ్రాకిస్ ఫింబ్రియేటస్. మహారాష్ట్ర, గోవా, కర్ణాటకల్లోని పడమటి కనుమల ప్రాంతం దాని నివాసం. బొరియల్లో ఉండే వేరే రకాలు తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. వాటి బతుకుతీరు చాలావరకు ఒక్కటే కాబట్టి, పడమటి కనుమల సాలీడును తెలుసుకుంటే మిగతావాటిని అర్థం చేసుకోవడం కష్టం కాదు.

బొరియే ఇల్లు, బొరియే కోట

ఇంటి మూలల్లో గూడు అల్లే సాలీడు ఈగల కోసం వల పన్నుతుంది. బొరియ సాలీడు అలా వల పన్ని వేలాడదు. మట్టిగట్టులోనో, బాట పక్కన కోసిన మట్టి గోడలోనో, చెట్టు మొదట్లోనో బొరియ చేసుకుంటుంది. లోపలి గోడలకు పట్టుదారంతో పూత పూస్తుంది. దానివల్ల మట్టి రాలదు. బొరియ మూతి దగ్గర కూడా తెల్లని పట్టు దుప్పటి పరిచినట్లు ఉంటుంది. ఆ పట్టు మీద మిడతగాని, కీచురాయిగాని కాలు పెడితే లోపల కూర్చున్న సాలీడుకు అదురు తెలుస్తుంది. ఎనిమిది కళ్లున్నా దాని చూపు అంతంత మాత్రమే. కాళ్ల నూగుతో అదురును గ్రహించడమే దానికి చూపు, వినికిడి అన్నీ. ఒక్క ఉదుటున బయటికి వచ్చి, పట్టుకుని, మళ్లీ లోపలికి పోతుంది.

పగలంతా బొరియలోనే ఉంటుంది. చీకటి పడ్డాక మూతి దాకా వచ్చి కాపు కాస్తుంది. మిడతలు, కీచురాళ్లు, బొద్దింకలు, పేడపురుగులు దాని ఆహారం. ఒకసారి కడుపు నిండితే రోజుల తరబడి, అవసరమైతే నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఎండాకాలంలో పైన నేల మాడిపోతున్నా బొరియ అడుగున కాస్త చల్లదనం, తేమ ఉంటాయి. అదే దానికి ఆధారం.

పాము కుబుసం విడిచినట్లు ఇది కూడా పైతొడుగు విడుస్తుంది. ఆ సమయంలో వెల్లకిలా పడుకుంటుంది. చూసినవారు చచ్చిందనుకుంటారు. కొన్ని గంటల తర్వాత పాత తొడుగు నుంచి కొత్త ఒంటితో బయటికి వస్తుంది. కొత్త ఒళ్లు గట్టిపడేదాకా అది ఎవరినీ ఏమీ చేయలేదు, తనను తాను కాపాడుకోనూ లేదు.

వానలకు బయటపడేది ఎవరు?

ఆడ సాలీడు ఒకచోట బొరియ చేసుకుంటే, ఎవరూ చెడగొట్టకపోతే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పదేళ్లు, అంతకు మించి కూడా బతుకుతుంది. మగదాని బతుకు వేరు. ఈడేరాక బొరియ విడిచి ఆడదాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. మళ్లీ సొంత బొరియ చేసుకోదు. కొద్ది నెలల్లో దాని ఆయువు తీరిపోతుంది. వానాకాలం రాత్రుల్లో గోడల మీద, అరుగుల మీద, దీపం వెలుగులో కనిపించి జనాన్ని హడలెత్తించేది చాలావరకు ఈ మగదే. అది మనిషిని వెతుక్కుంటూ రాలేదు. జోడు కోసం వెతుకుతూ దారి తప్పి వచ్చింది.

ఆడది గుడ్లను పట్టుసంచిలో చుట్టి బొరియలో పెట్టుకుని కాపలా కాస్తుంది. పిల్లలు వచ్చి కొంత బలపడే దాకా తల్లి బొరియలోనే ఉంటాయి. తర్వాత బయటికి వచ్చి చాలావరకు ఆ గట్టుకే అక్కడక్కడ చిన్న చిన్న బొరియలు చేసుకుంటాయి. అందుకే ఒక గట్టున ఒకటి ఉంటే దగ్గరలో మరికొన్ని ఉంటాయి. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం తొండలకు, బల్లులకు, పిట్టలకు, చీమలకు ఆహారమైపోతాయి. మిగిలినవి పెద్దవి కావడానికి ఏళ్లు పడుతుంది. దోమలాగా, పేనుబంకలాగా వారంలో వందలుగా పెరిగే జీవి కాదిది. ఒక గట్టును తుడిచిపెడితే మళ్లీ అక్కడ వీటి సంతతి నిలదొక్కుకోవడానికి ఎన్నో ఏళ్లు కావాలి.

దీనికి పెద్ద శత్రువు ఒక జాతి కందిరీగ. ఇళ్ల గోడల మీద మట్టిగూడు కట్టి అందులో చిన్న సాలీళ్లను కూరే కందిరీగను పల్లెల్లో అందరూ చూసి ఉంటారు. అలాగే పెద్ద సాలీళ్లను వేటాడే పెద్ద కందిరీగలు ఉన్నాయి. ఆ కందిరీగ సాలీడును కుట్టి, చంపకుండా కదలలేకుండా చేస్తుంది. దాన్ని లాక్కుపోయి నేల కన్నంలో పెట్టి, ఒంటిమీద ఒక గుడ్డు పెట్టి కన్నం పూడ్చేస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన పురుగు ఆ సాలీడునే తిని పెరుగుతుంది. మనుషులను హడలగొట్టే జీవి ఒక కందిరీగకు ఆహారం కావడం ప్రకృతి విచిత్రం.

బుస కొట్టేది బెదిరించడానికే

కైలోబ్రాకిస్ సాలీళ్లకు మరో విశేషం ఉంది. కదిలిస్తే ముందుకాళ్లు పైకెత్తి, కోరలు చూపి, బుసలాంటి చప్పుడు చేస్తాయి. అది నోటితో చేసే బుస కాదు. కోరల మొదళ్ల దగ్గర ఉన్న గట్టి ముళ్లు పక్కనున్న అవయవానికి రాసుకుంటే వచ్చే చప్పుడు. దువ్వెన పళ్ల మీద గోరు గీస్తే చప్పుడు వచ్చినట్లే. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన వుడ్ మేసన్ అస్సాంకు చెందిన ఇలాంటి సాలీడును 1877లోనే వర్ణించాడు.

ఈ చప్పుడు విన్నవారికి గుండె జారిపోవడం సహజం. కానీ అది మీదికి దూకుతాననే బెదిరింపు కాదు. "దగ్గరికి రావద్దు, పొమ్మ"ని చెప్పడం. నాగుపాము పడగ విప్పడం వంటిదే ఇదీ. ఆ మాట విని మనిషి రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, సాలీడు లోపలికి పోతుంది.

అస్సాంలో జరిగినది

భయం ఎంతదూరం పోగలదో 2012లో అస్సాంలో చూశాం. తిన్‌సుకియా జిల్లా సాదియా ప్రాంతంలో పెద్ద సాలీళ్లు జనాన్ని కరుస్తున్నాయని కలకలం పుట్టింది. ఇద్దరు మరణించారని పత్రికలన్నీ రాశాయి. రాత్రిళ్లు నిద్ర మాని కాపలా కాసిన ఊళ్లున్నాయి. తీరా వైద్యులు చెప్పినది వేరు. చనిపోయినవారిని మొదట నాటువైద్యుల దగ్గరికి తీసుకుపోయారనీ, వారు కాటుచోట బ్లేడుతో కోసి రక్తం తీశారనీ, దానివల్లే పుండు చెడి ఉండవచ్చనీ చెప్పారు. సాలీడు విషం వల్లే మరణం సంభవించిందని రుజువు కాలేదు.

ఇది అస్సాం వారి అమాయకత్వమని నవ్వడానికి వీల్లేదు. అసలు టరాంటులా అనే పేరే ఇలాంటి భయం నుంచి పుట్టింది. ఇటలీలో టరాంటో అనే పట్నం ఉంది. పూర్వం ఆ ప్రాంతపు జనం పొలాల్లో బొరియ చేసుకునే ఒక సాలీడు కరిస్తే మనిషికి పిచ్చి ఎత్తుతుందనీ, వాయిద్యాలు పెట్టి రోజుల తరబడి ఆడితేనే విషం దిగుతుందనీ నమ్మేవారు. నిజానికి ఆ సాలీడు విషం మనిషికి పెద్ద అపాయం చేయదని తర్వాత తేలింది. నమ్మకం పోయినా పేరు మిగిలింది. ఎవరి ఊరి మూఢనమ్మకం వారికి శాస్త్రంగానే కనబడుతుంది.

మరి విషం లేదా?

విషం లేదని చెప్పడం కూడా తప్పే అవుతుంది. ఈ సాలీడు కుట్టదు, కరుస్తుంది. కోరలు పెద్దవి. కరిస్తే మంట, నొప్పి, వాపు ఉంటాయి. మన దేశపు టరాంటులాల కాటుకు కొందరిలో కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెట్టిన సందర్భాలున్నాయి. అయితే ప్రపంచంలో ఎక్కడా టరాంటులా విషం వల్లనే మనిషి మరణించినట్లు వైద్యశాస్త్రం నిర్ధారించలేదు. కాబట్టి దాన్ని చేత్తో పట్టుకోరాదు. బొరియలో వేలు, పుల్ల పెట్టరాదు. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి. అంతమాత్రాన దాన్ని యముడిని చేయనక్కరలేదు.

నిజమైన అపాయం వేరే ఉంది. మన పల్లెల్లో రాత్రిపూట పాము పేరు ఎత్తరు. "పురుగు ముట్టింది" అంటారు. ఆ మర్యాద మంచిదే కావచ్చు గాని, ఆ మాట చాటున ప్రాణాలు పోతున్నాయి. కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. వాపు రాదు. గాట్లు కూడా సరిగా కనబడవు. ఏదో సాలీడో, చీమో ముట్టిందనుకుని పడుకుంటారు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట తడబడడం, ఊపిరి ఆడకపోవడం మొదలవుతాయి. అప్పటికి విలువైన సమయం పోయి ఉంటుంది.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన పరిశోధన లెక్క కట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎర్రతేలు సంగతీ అంతే. రాయలసీమ మెట్టనేలల్లో రాళ్ల కింద ఉండే ఈ చిన్న తేలు చిన్నపిల్లల గుండె మీద దెబ్బ తీయగలదు. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడం, వాంతులు దాని లక్షణాలు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ అనే మాత్రతో ఈ తేలుకాటు మరణాలను ఎంతగానో తగ్గించి చూపారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అంటే మందు ఉంది, దారి ఉంది. వేళకు ఆసుపత్రి చేరడమే కావాలి.

ఏ పురుగు కరిచిందో చూడకుండా "సాలీడే" అని తేల్చుకుని పసరు పూయించుకుని, మంత్రం వేయించుకుని ఇంట్లో కూర్చోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. కరిచిన జీవిని వెతికి పట్టుకుపోవలసిన పని లేదు. కాటుచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. మనిషిని కదిలించకుండా పడుకోబెట్టి, 108కు ఫోను చేయాలి. సాలీడు కాటే అయితే ఆసుపత్రిలో నొప్పికి మందిచ్చి పంపుతారు. పాముకాటయితే ప్రాణం దక్కుతుంది. ఎటు చూసినా పోయేదేమీ లేదు.

రైతుకు ఏమి లాభం?

"సరే, చంపకుండా ఉంటే మాకేమిటి లాభం?" అని రైతు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బొరియ సాలీడు పంటను కాపాడేస్తుందని, పురుగుమందు అక్కరలేదని చెబితే అది అబద్ధం. నాలుగు సాలీళ్లు ఒక పొలంలో మిడతలన్నిటినీ తినలేవు. కానీ గట్టు మీద పురుగులను తినేవి కప్ప, తొండ, పిట్ట, సాలీడు అన్నీ కలిసి ఒక లెక్క. అందులో ఒక్కొక్కదాన్నీ ఏదో ఒక వంకతో తీసివేస్తూ పోతే చివరికి పురుగుమందు కొట్టు ఒక్కటే మిగులుతుంది. ఆ బాకీ ఎవరు తీర్చాలో రైతుకే బాగా తెలుసు.

పైగా మరిగే నీళ్లు, మంట సాలీడును వెతుక్కుని దాన్ని మాత్రమే చంపవు. ఎండాకాలంలో గట్టుకు నిప్పు పెడితే గడ్డివాము దాకా పోయిన సంగతులు పల్లెలకు కొత్తకాదు. బొరియలో చేయి పెట్టి తవ్వబోయేవారికి అందులో సాలీడు ఉందో, పాము ఉందో ముందుగా తెలిసే వీలు లేదు.

రెండు చేటులు

ఈ సాలీళ్లకు చెప్పుదెబ్బ కంటే పెద్ద చేటు రెండు వైపుల నుంచి వస్తున్నది. మొదటిది మట్టి తవ్వకం. పాత గట్టు, బాటపక్క మట్టి గోడ మనకు వృథాగా కనిపిస్తాయి. జేసీబీ ఒక్క పూటలో చదును చేస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట ఉన్న తల్లులు, పిల్లలు అన్నీ ఆ మట్టితో పాటే ట్రాక్టరెక్కి పోతాయి. రోడ్లు వేయవద్దని ఎవరూ అనరు. అవసరం లేని గట్టును కూడా గీకి చదును చేయడం మాత్రం మానవచ్చు.

రెండవది వ్యాపారం. విదేశాల్లో వీటిని అద్దాల పెట్టెల్లో పెంచుకునేవారున్నారు. గుత్తి సాలీడు అందానికే దాని ప్రాణం మీదికి వచ్చింది. అడవి నరికివేతతో పాటు ఈ వ్యాపారం కూడా దానికి ముప్పేనని పరిశోధకులు ఎంచారు. 2008లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జీవిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గుర్తించింది. 2019లో ఆ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం కిందికి తెచ్చారు. పల్లెకు ఎవరైనా వచ్చి "సాలీడు పట్టిస్తే డబ్బిస్తాం" అంటే అది అమాయకపు బేరం కాదని గ్రహించి అటవీశాఖకు తెలపాలి.

చేయవలసినది

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పాఠశాల ఉపాధ్యాయులు వానాకాలం మొదట్లో ఒక పూట పిల్లలకు సాలీడు, తేలు, పాముల తేడా చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది పురుగు ముడితే ఏమి చేయాలో, ఏమి చేయరాదో గ్రామ పంచాయతీ గోడ మీద రాయించాలి. పాముకాటు మందు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉందో ఆ గోడ మీదే రాయించడం ఇంకా అవసరం. ఈ రెండు పనులు అధికారులు తలచుకుంటే వారం రోజుల్లో అయిపోతాయి.

ఇంట్లోకి పెద్ద సాలీడు వస్తే కేకలు అక్కరలేదు. దానిమీద ఒక గిన్నెగాని, ప్లాస్టిక్ డబ్బాగాని బోర్లించి, కిందినుంచి గట్టి అట్ట జొనిపి, ఊరి బయట గట్టు మీద విడిచిపెడితే సరిపోతుంది. పని రెండు నిమిషాలు. పడుకునే చోట మంచం, దోమతెర ఉంటే సాలీడుకే కాదు, కట్లపాముకు కూడా దూరంగా ఉన్నట్లే.

ఏళ్ల తరబడి ఒకే బొరియలో కూర్చుని, తన గుమ్మం తొక్కినవారిని తప్ప ఎవరినీ పట్టించుకోని జీవి అది. దాని గుమ్మం మనం తొక్కకుండా ఉంటే చాలు. చెప్పు కాలికి ఉండనిచ్చి, చీకట్లో నడిచేటప్పుడు చేతిలో లైటు ఉంచుకుంటే పల్లెకు అంతకంటే మేలు.